ఇంట్లో బిహేవియర్ థెరపీ: ఆటిజం ఉన్న పిల్లల పేచీకి కారణం కనిపెట్టడం, బదులు మాట నేర్పడం

"సెంటర్లో మేడమ్ చెబితే వింటాడు, ఇంటికొస్తే మళ్లీ అదే గోల. ఏం చేయాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేదు కానీ ఒక వరుస ఉంది. ముందు చూడాలి, రాయాలి, కారణం కనిపెట్టాలి. ఏదైనా మార్చడం ఆ తర్వాతే. చాలా ఇళ్లలో ఇది తలకిందులవుతుంది. మొదటి రోజే స్టిక్కర్ల చార్టు గోడకెక్కుతుంది, నాలుగో రోజుకి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇది సుమారు 2 నుంచి 9 ఏళ్ల మధ్య పిల్లల కోసం రాసింది. థెరపిస్ట్ ఉన్నా లేకపోయినా ఇంట్లో చేయగలిగినంత వరకే చెబుతున్నాను. కొన్నిచోట్ల బాబు అని, కొన్నిచోట్ల పాప అని రాశాను. పద్ధతి ఇద్దరికీ ఒకటే.

## 1. ముందు ఒంట్లో బాగుందో లేదో చూడండి

మాటలు రాని పిల్లలు నొప్పిని చెప్పలేరు, చేతలతో చూపిస్తారు. నిన్నటిదాకా లేని కొట్టుకోవడం, కొరకడం ఈ వారమే మొదలైతే అది మొండితనం అనుకునే ముందు డాక్టర్‌కి చూపించండి.

- మలబద్ధకం ఉందా? ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. రెండు మూడు రోజులకోసారి వెళ్తున్నాడంటే అడగాల్సిన విషయమే.
- పన్ను నొప్పి, చెవి నొప్పి? చెంప మీద కొట్టుకోవడం, ఒకే చెవిని నలుపుకోవడం, ఒకవైపే నమలడం గమనించండి.
- నిద్ర ఎన్ని గంటలు? రాత్రి నాలుగు గంటలు పడుకున్న పిల్లవాడి మీద ఏ పద్ధతీ పనిచేయదు.
- వినికిడి పరీక్ష అయిందా? "పిలిస్తే పలకడు" అన్నదాన్ని ఆటిజం ఖాతాలో వేసేముందు ఇది తేల్చుకోవాలి.
- మధ్యమధ్య కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, తట్టినా పలకడం లేదా? మూర్ఛ కావచ్చు. వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి.
- వచ్చిన మాటలు పోతున్నాయా? ఆలస్యం చేయకుండా చూపించండి.

## 2. ఒక్క ప్రవర్తననే ఎంచుకోండి

కాగితం మీద మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నవన్నీ రాయండి. పది వస్తాయి. అందులోంచి ఒక్కటే తీసుకోవాలి. ప్రమాదం ఉన్నది ముందు: రోడ్డు మీదకు పరుగెత్తడం, కొరకడం, తల కొట్టుకోవడం. తర్వాత నేర్చుకోవడానికి అడ్డొచ్చేది. మిగిలినవి ఆగుతాయి.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: దీనివల్ల ఇబ్బంది పిల్లవాడికా, చూసేవాళ్లకా? చేతులు ఆడించడం, ఊగడం, బొమ్మల్ని వరసగా పేర్చడం లాంటివి ఎవరికీ హాని చేయవు. పైగా చాలామంది పిల్లలకు అవే ఊరట. వాటిని ఆపించే పని పెట్టుకోకండి. గడ్డం పట్టుకుని "నా కళ్లలోకి చూడు" అనడం కూడా అంతే. కళ్లలోకి చూడకుండా వినగలిగే పిల్లలు చాలామంది ఉన్నారు.

ఎంచుకున్నదాన్ని కెమెరాకు దొరికే మాటల్లో రాయండి. "కోపం ఎక్కువ" అని రాస్తే లెక్కపెట్టలేం. "పక్కనున్నవాళ్ల చేయి పట్టుకుని పళ్లు గుచ్చడం" అని రాస్తే ఇంట్లో అందరి లెక్కా ఒకటే అవుతుంది.

## 3. వారం రోజులు రాయండి, ఏమీ మార్చకండి

ఒక నోట్‌బుక్, మూడు గడులు: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే తర్వాత ఏం జరిగింది. టైమ్ కూడా వేయండి. థెరపిస్టులు దీన్నే ఏబీసీ రికార్డ్ అంటారు. జరిగిన పది నిమిషాల్లోపే రాయాలి, రాత్రి పడుకునేముందు గుర్తుచేసుకుని రాస్తే మన కోపమే కాగితం మీదకు వస్తుంది.

నాలుగేళ్ల బాబు ఒకడు కొరుకుతున్నాడనుకుందాం. "టాబ్ పిచ్చి పట్టింది, అది తీస్తే కొరుకుతాడు" అని ఇంట్లో అందరి తీర్మానం. నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

- సోమవారం 6:40. ముందు: వీడియో మధ్యలో ఆగిపోయి తిరుగుతూ ఉంది, అమ్మ ఫోన్‌లో మాట్లాడుతోంది. చేసింది: అమ్మ చేయి కొరికాడు. తర్వాత: అమ్మ ఫోన్ పెట్టేసి వీడియో మళ్లీ పెట్టింది.
- మంగళవారం 7:05. ముందు: "ఇక చాలు" అంటూ నాన్న టాబ్ లాక్కున్నాడు. చేసింది: నేల మీద పడి ఏడుపు, ఆరు నిమిషాలు, తర్వాత నాన్న చేయి కొరికాడు. తర్వాత: అమ్మమ్మ టాబ్ తిరిగి ఇచ్చింది.
- బుధవారం 5:15. ముందు: బొమ్మల డబ్బా మూత రావడం లేదు. చేసింది: అక్క చేయి కొరికాడు. తర్వాత: అక్క మూత తీసి ఇచ్చింది.
- గురువారం 6:50. ముందు: ఛార్జింగ్ అయిపోయి టాబ్ ఆగిపోయింది. చేసింది: ఛార్జర్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. కొరకలేదు.

గురువారం వరుసే అసలు సంగతి. ఆ రోజూ టాబ్ ఆగిపోయింది, కానీ "ఇది పనిచేయడం లేదు, చూడు" అని చెప్పే దారి వాడి దగ్గర ఉంది. సోమవారం, బుధవారం ఆ దారి లేదు. కాబట్టి మూడుసార్లు కొరికితే అందులో రెండు టాబ్ గురించి కానే కాదు, సాయం అడగడం గురించి. కొరకని రోజుల్ని కూడా రాయమనేది ఇందుకే. అవి లేకపోతే ఇంటి తీర్మానమే నిలబడేది.

## 4. నాలుగు కారణాల్లో ఏది?

రాసినదంతా ముందు పెట్టుకుని మూడో గడి మాత్రం పైనుంచి కిందకు చదవండి. దానివల్ల పిల్లవాడికి ఏం దక్కుతోంది, లేదా ఏం తప్పుతోంది?

ఏదో కావాలి. వస్తువు, ఆట, సాయం. ఇవ్వగానే ఆగిపోతుంది.

ఏదో తప్పించుకోవాలి. "రా, రాసుకుందాం" అనగానే మొదలై, పుస్తకం మూయగానే ఆగితే ఇదే. శబ్దం, జనం, దువ్వెన, కొత్త చొక్కా కూడా ఇందులోకే వస్తాయి.

ఎవరైనా చూడాలి. మీరు ఫోన్ ఎత్తగానే, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోగానే మొదలవుతుంది. తిట్టడం కూడా వాడి లెక్కలో చూడటమే.

ఒంటికి బాగుంటుంది. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు కూడా చేస్తాడు, ఎవరున్నా లేకపోయినా తేడా ఉండదు.

ఒకే ప్రవర్తనకు రెండు కారణాలు ఉండొచ్చు. పైన బాబుకి సోమవారం, బుధవారం కారణం సాయం. మంగళవారం టాబ్ తిరిగి కావాలి. రెంటికీ వేర్వేరు పరిష్కారాలు కావాలి.

కారణం తప్పుగా పట్టుకుంటే మందు వికటిస్తుంది. చదువు తప్పించుకోవడానికి పుస్తకం విసిరే పిల్లవాణ్ని "వెళ్లి మూల నిలబడు" అని శిక్షిస్తే వాడికి కావలసింది అదే. రేపు ఇంకా తొందరగా విసురుతాడు.

## 5. పేచీ రాకముందే పరిస్థితిని మార్చండి

సగం గెలుపు ఇక్కడే. పిల్లవాడిలో ఏమీ మార్చకుండానే రోజుకి పదిసార్లు వచ్చే పేచీ ఐదుకి దిగడం నేను చాలాసార్లు చూశాను.

అయిపోతుందని ముందే చూపించండి. "ఐదు నిమిషాలు" అనే మాటకు నాలుగేళ్ల పిల్లవాడి మనసులో బొమ్మ ఏమీ ఉండదు. కంటికి కనిపించే టైమర్ పెట్టండి, ఇసుక గడియారమైనా చాలు. మొదటి రోజుల్లో టైమర్‌ను టాబ్‌కి వాడకండి. అంతగా పట్టింపు లేని ఆటకు వాడి, మోగాక అంతకంటే మంచి ఆట ఇవ్వండి. టైమర్ మోగితే మంచి జరుగుతుందని ముందు తెలియాలి. ఆ తర్వాతే దాన్ని టాబ్‌కి తీసుకురావాలి.

"ముందు ఇది, తర్వాత అది" బోర్డు. అట్టముక్క మీద రెండు గడులు. ఎడమవైపు చేయాల్సిన పని బొమ్మ, కుడివైపు వాడికి ఇష్టమైనది. మీ ఇంట్లో వస్తువుల ఫోటోలే తీసి అంటించండి, నెట్‌లో దొరికే గీతల బొమ్మలకంటే చిన్నపిల్లలకు ఇవి తేలిగ్గా అర్థమవుతాయి. ఎడమ గడి పూర్తయిన క్షణంలోనే కుడి గడిలోది చేతికి అందాలి.

రోజు వరుస గోడ మీద. మొదట నాలుగైదు బొమ్మలు చాలు. పని కాగానే ఆ బొమ్మను పిల్లవాడే తీసి డబ్బాలో వేయాలి. వరుస మారబోతుంటే ముందే ఒక బొమ్మ తీసి ఇంకోటి పెట్టి చూపించండి. మార్పు అనేది ఒకటుంటుందని కూడా నేర్పాల్సిందే.

మాటలు తగ్గించండి. "నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి, చెప్పులేసుకో, బయటికెళ్తున్నాం కదా, టైమ్ అవుతోంది" అనే బదులు "చెప్పులు" అని, వాటిని చూపించి, పది సెకన్లు ఆగండి. ఆ పది సెకన్లే చాలా కష్టం. మనసులో లెక్కపెట్టుకోండి. కొందరు పిల్లలకు మాట లోపలికి వెళ్లి అర్థమయ్యేసరికి అంత టైమ్ పడుతుంది, ఈలోగా మళ్లీ చెబితే మొదటినుంచి మొదలు.

ఎంచుకోనివ్వండి. చేయడం తప్పదు కానీ ఎర్ర చొక్కానా నీలం చొక్కానా, ఇక్కడ కూర్చుంటావా అక్కడా అన్నది వాడిష్టం.

## 6. బదులు మాట నేర్పండి

కొరకడం ఆపాలంటే, కొరికి సాధించుకుంటున్నదాన్ని అంతకంటే తేలిగ్గా సాధించుకునే దారి ఇవ్వాలి. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించింది ఇదే. కారణానికి సరిపోయే అడిగే మాట నేర్పితే అల్లరి తగ్గుతుంది, సరిపోని మాట నేర్పితే తగ్గదు. నాలుగో భాగంలో అంత టైమ్ పెట్టమన్నది అందుకే.

మాట అంటే నోటిమాటే కానక్కర్లేదు. సైగ, బొమ్మ కార్డు, టాబ్‌లో నొక్కితే మాట్లాడే యాప్, ఏదైనా సరే. "కార్డు అలవాటైతే ఇక మాటలు రావేమో" అని చాలామందికి భయం. కార్డులు, యాప్‌లు మాటలకు అడ్డుపడవు. కొందరిలో మాటలు పెరుగుతాయి కూడా.

మన బాబుకి "సాయం" కార్డు నేర్పే వరుస:

1. ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. అమ్మ ఎదురుగా, నాన్న బాబు వెనక.
2. లోపల ఉన్నది కనిపించే డబ్బాలో ఇష్టమైన బొమ్మ పెట్టి, మూత గట్టిగా బిగించి వాడి ముందు పెట్టండి. కార్డు డబ్బా పక్కనే.
3. వాడు మూతతో ఒకసారి తంటాలు పడనివ్వండి. చిరాకు మొదలవకముందే నాన్న వెనకనుంచి వాడి చేతిని కార్డు మీదకు తీసుకెళ్లి, అమ్మ చేతిలో పెట్టించాలి. నాన్న ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.
4. కార్డు అందగానే అమ్మ "సాయం!" అంటూ వెంటనే మూత తీయాలి. "ఏం కావాలి? సరిగ్గా అడుగు" లాంటివి వద్దు.
5. రోజుకి ఎనిమిది పదిసార్లు, కానీ ఒకే చోట కూర్చోబెట్టి కాదు. ఉదయం జిప్పు, మధ్యాహ్నం సీసా మూత, సాయంత్రం బొమ్మ కారుకి తాళం తిప్పడం, ఇలా.
6. నాన్న సాయం రోజురోజుకీ తగ్గాలి: చేయి పట్టడం, మోచేయి తాకడం, కార్డు వైపు చూపించడం, చివరికి ఏమీ లేకుండా.
7. ఎదుటి మనిషిని మార్చండి. అమ్మకే ఇచ్చి అక్కకి ఇవ్వకపోతే ఇంకా నేర్చుకోనట్టే.

ఇదంతా పేచీ లేని టైమ్‌లోనే. ఏడుస్తున్న పిల్లవాడి ముందు కార్డు ఊపితే, వాడి లెక్కలో ఆ కార్డుకి ఏడుపుకి ముడిపడిపోతుంది.

మొదటి రెండు వారాలు కార్డు ఇచ్చిన ప్రతిసారీ పని జరగాలి. "ఇలా అయితే ప్రతిదానికీ అడుగుతాడు కదా" అంటారు. అడగనివ్వండి, మనకు కావలసింది అదే. బాగా అలవాటయ్యాక ఆగడం నేర్పుతాం. కార్డు తీసుకుని "ఆగు" అని రెండు సెకన్లు, తర్వాత ఐదు, పది, ఇరవై. వాడికి చిరాకు వచ్చేలోపే ఇచ్చేయాలి. ఒక్కసారిగా రెండు నిమిషాలు ఆపితే మళ్లీ కొరకడమే.

"ఆపు", "వద్దు", "ఇంకా కావాలి", "విరామం" కూడా ఇదే పద్ధతిలో. చదువు తప్పించుకునే పిల్లలకు మొదట నేర్పాల్సింది "విరామం" కార్డు. ఇచ్చిన వెంటనే ఒక నిమిషం పుస్తకం మూసేయండి.

## 7. రివార్డు ఎలా ఇవ్వాలి

రివార్డు ఏదో మీరు తేల్చకండి, పిల్లవాడు తేల్చాలి. ఐదారు వస్తువులు ముందు పెట్టి దేన్ని ముందు తీసుకుంటాడో, దేనితో ఎక్కువసేపు ఉంటాడో చూడండి. ఊయల, సబ్బు బుడగలు, గిరగిరా తిప్పడం లాంటివి వస్తువులకంటే బాగా పనిచేస్తాయి, ఎందుకంటే వాటిలో మీరు కూడా ఉంటారు. ఈ పరీక్ష వారానికోసారైనా చేయాలి, పాతదాని మీద మోజు పోతుంది.

- మంచి పని చేసిన రెండు మూడు సెకన్లలో ఇవ్వండి. "సాయంత్రం నాన్న వచ్చాక" అంటే చిన్నపిల్లలకు రెంటికీ సంబంధం తెలియదు.
- "గుడ్ బాయ్" అని ఊరుకోకండి. "కార్డు ఇచ్చావు!" అనండి. దేనికి మెచ్చుకుంటున్నారో తెలియాలి.
- మొదట ప్రతిసారీ, నిలబడ్డాక మూడుసార్లకు ఒకసారి.

ఇది లంచం కాదా అని అడుగుతుంటారు. గోల మొదలయ్యాక ఆపించడానికి ఇస్తే లంచం. పనికి ముందే ఒప్పుకుని, పని అయ్యాక ఇస్తే రివార్డు. వస్తువు ఒకటే అయినా, ఇచ్చిన టైమ్‌ని బట్టి నేర్పేది వేరు.

## 8. కొత్త పనిని ముక్కలుగా నేర్పండి

చేతులు కడుక్కోవడం మనకు ఒక పని. నేర్చుకునే పాపకి ఏడు: కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, నీళ్లతో కడగడం, కుళాయి కట్టడం, తుడుచుకోవడం. ముందు మీరే ఒకసారి నెమ్మదిగా చేస్తూ ముక్కలు రాసుకోండి. మీరు మర్చిపోయే ముక్క దగ్గరే పాప ఆగిపోతుంది.

నేర్పడం చివరి ముక్కనుంచి మొదలుపెట్టండి. మొదటి ఆరూ మీరు చేయిస్తారు, తువ్వాలుతో తుడుచుకోవడం ఒక్కటే పాప సొంతంగా. తుడుచుకోగానే పని అయిపోయింది, బుడగలు! మూడు రోజులు వరసగా సాయం లేకుండా తుడుచుకుంటే, కుళాయి కట్టడం కూడా పాప చేతికి ఇవ్వండి. ఇలా వెనక్కి జరుగుతూ రావాలి. దీనివల్ల ప్రతిసారీ "నేనే పూర్తిచేశాను" అన్న చోటే పాప ఆగుతుంది, మధ్యలో వదిలేసిన చేదు మిగలదు.

ఎదురుగా కాకుండా వెనక నిలబడండి. మీ చేతులు పాప చేతులు వెళ్లే దిశలోనే వెళ్లాలి. పాప చేయి వెనక్కి లాక్కుంటే వదిలేయండి, బలవంతంగా పట్టి చేయించడం నేర్పడం కాదు. నోటితో "సబ్బు తీసుకో, ఇప్పుడు రుద్దు" అనే అలవాటు అసలు వద్దు. చేతి సాయం తగ్గించడం సులువు, మాటసాయం తగ్గించడం చాలా కష్టం. ఏడేళ్లొచ్చినా సింకు ముందు నిలబడి మీ తర్వాతి మాట కోసం చూసే పిల్లలు ఇలాగే తయారవుతారు. మాట బదులు అద్దం పక్కన ఏడు ఫోటోలు అంటించండి.

## 9. పేచీ మొదలైపోయిన తర్వాత

ఇది నేర్పే టైమ్ కాదు, గడిపే టైమ్.

ముందు తేడా తెలుసుకోవాలి. కావలసింది ఇవ్వగానే ఆగిపోయేది పేచీ. శబ్దం, వెలుతురు, జనం, అలసట తట్టుకోలేక పొంగిపోయేది మెల్ట్‌డౌన్. అడిగింది ఇచ్చినా అది ఆగదు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న పిల్లవాణ్ని పట్టించుకోకుండా వదిలేయడం తప్పు. లైట్లు, శబ్దం తగ్గించి, జనాన్ని పంపేసి, కొంచెం దూరంలో మాట్లాడకుండా కూర్చోండి.

- గట్టి వస్తువులు పక్కకు తీయండి. తల నేలకు కొడుతుంటే కింద దిండు పెట్టండి.
- వాక్యాలు వద్దు. ఒకటి రెండు మాటలు, మెల్లటి గొంతుతో.
- కళ్లలోకి తేరిపార చూడకండి, గట్టిగా పట్టుకోకండి.
- తగ్గాక వెంటనే క్లాసు పీకకండి. నీళ్లిచ్చి పది నిమిషాలు వదిలేయండి.

మామూలు పేచీ అయితే, అంటే మంగళవారంలాంటిదైతే, టాబ్ మాత్రం తిరిగి చేతికి రాకూడదు. ఇక్కడొక హెచ్చరిక: ఇన్నాళ్లూ పనిచేసిన దారి మూసుకుపోగానే పేచీ కొన్ని రోజులు పెరుగుతుంది. ఆరు నిమిషాల ఏడుపు పదిహేను అవుతుంది. పన్నెండో నిమిషంలో అమ్మమ్మ మనసు కరిగి టాబ్ ఇస్తే, ఇకనుంచి పన్నెండు నిమిషాలు ఏడవాలని వాడు నేర్చుకుంటాడు. నిలబడలేమనుకుంటే మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం. ఇంట్లో అందరూ ఒప్పుకోకుండా ఈ మెట్టు ఎక్కకండి.

తనను తాను గాయపరుచుకునే పిల్లల విషయంలో ఈ "ఇవ్వకుండా ఆగడం" ఇంట్లో సొంతంగా చేయొద్దు. పేచీ పెరిగే ఆ రోజుల్లో నిజంగా దెబ్బ తగులుతుంది. రక్తం వచ్చేలా కొట్టుకోవడం, కళ్ల మీద గుద్దుకోవడం, ఇంట్లోంచి పారిపోవడం ఉంటే డాక్టర్, అనుభవమున్న బిహేవియర్ నిపుణుడు ఇద్దరూ కావాలి. తీవ్రమైన చిరాకు, దాడి ఉన్నప్పుడు డాక్టర్లు కొన్నిసార్లు మందు రాస్తారు. రిస్పెరిడోన్ అనే మందుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో అనుమతి ఇచ్చింది ఇందుకే. అది చిరాకుకే, ఆటిజానికి కాదు. బరువు పెరగడం దాని మామూలు దుష్ప్రభావం కాబట్టి బరువు రాసిపెట్టుకోండి.

## 10. రెండు వారాలకోసారి లెక్క చూడండి

రోజుకి ఎన్నిసార్లు అన్నది ఒక్క అంకె, క్యాలెండర్ గడిలో. "కాస్త బాగున్నట్టుంది" అన్నది లెక్క కాదు. మంచి నిద్ర పట్టిన రోజు మనకు అంతా బాగున్నట్టే ఉంటుంది.

తగ్గుతుంటే ఏమీ మార్చకండి. అలాగే ఉంటే మూడు ప్రశ్నలు: అందరూ ఒకేలా చేస్తున్నారా? రివార్డు మీద మోజు పోయిందా? కారణం తప్పుగా పట్టుకున్నామా? ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

కార్డులన్నీ అల్మారాలో ఉండటం. పిల్లవాడికి అందని కార్డు లేనట్టే. నడుముకి క్లిప్‌తో, లేదా వాడి ఎత్తులో గోడకి.

"ఇది ఏంటి? ఇది ఏ రంగు?" అని రోజంతా పరీక్ష పెట్టడం. అడగడం తగ్గించి, వాడు చూస్తున్నదాని పేరు చెప్పండి. ఒక ప్రశ్నకి నాలుగు మాటలు చెప్పడం మంచి పాళ్లు.

టేబుల్ దగ్గరే నేర్పడం. అక్కడ నేర్చుకున్నది అక్కడే ఉండిపోతుంది. మొదట్లో అడిగిన "సెంటర్లో వింటాడు, ఇంట్లో వినడు" అన్నదానికి సగం జవాబు ఇదే. సెంటర్లో ఏ మాట, ఏ కార్డు వాడుతున్నారో అడిగి ఇంట్లో అదే వాడండి. ఇంట్లో వాడే వస్తువుని సెంటర్‌కి పంపండి.

మంచిగా ఉన్నప్పుడు వదిలేయడం. పిల్లవాడు ప్రశాంతంగా ఆడుకుంటుంటే మనం హమ్మయ్య అని పనిలో పడతాం. అరిస్తే పరుగెత్తుకొస్తాం. దీన్ని తిప్పండి: ప్రశాంతంగా ఉన్నప్పుడే వెళ్లి రెండు నిమిషాలు పక్కన కూర్చోండి.

## 12. థెరపిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు

"వారానికి 40 గంటలు చేయకపోతే లాభం లేదు" అని ఎవరైనా టెన్షన్ పెడితే, ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోండి. 1987లో లోవాస్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన అధ్యయనంలో 19 మంది పిల్లలకు వారానికి సుమారు 40 గంటల థెరపీ ఇచ్చారు. ఆ రోజుల్లో గట్టిగా అరవడం, తొడ మీద కొట్టడం కూడా అందులో ఉండేవి. ఎక్కువ గంటలు పెడితే ఎక్కువ ఫలితం వస్తుందన్నదానికి గట్టి ఆధారం లేదని 2024లో వచ్చిన సమగ్ర విశ్లేషణ తేల్చింది. గంటలకంటే ఆ గంటలో ఏం జరుగుతోందన్నది చూడండి.

అడగాల్సినవి:

- నేను లోపల కూర్చుని చూడొచ్చా? (వద్దంటే వేరే చోటు చూసుకోండి.)
- ఈ మూడు నెలల్లో ఏం నేర్పుతారు, ఎలా లెక్కపెడతారు?
- పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారు?
- "వద్దు" అని చెప్పడం నేర్పుతారా?
- నాకు ఇంట్లో ఏం చేయాలో నేర్పుతారా?

చివరి ప్రశ్న చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాల కోసం తయారుచేసిన శిక్షణ మొత్తం తల్లిదండ్రులకు నేర్పడం మీదే నడుస్తుంది.

"ఆటిజం పూర్తిగా నయం చేస్తాం" అన్నవాళ్ల దగ్గర కూర్చోనక్కర్లేదు. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే కీలేషన్ వల్ల పిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. బ్లీచ్‌లాంటి ద్రావణాలు తాగించడం విషం పెట్టడమే. టైప్ చేసేటప్పుడు వేరొకరు చేయి పట్టుకునే "ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్"లో వచ్చే మాటలు పిల్లవాడివి కావు, చేయి పట్టుకున్నవాళ్లవని పరీక్షల్లో తేలింది. టీకాలతో ఆటిజానికి సంబంధం లేదు. ఉందన్న 1998 నాటి వ్యాసాన్ని ది లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది.

## 13. ఇంట్లో అందరికీ ఒకే కాగితం

అమ్మమ్మ, నాన్న, అక్క, స్కూల్లో టీచర్, అందరూ ఒకేలా చేయాలంటే పుస్తకం కాదు, అరపేజీ కావాలి. మన బాబుకి అది ఇలా ఉంటుంది:

- ఇప్పుడు చూస్తున్నది ఒక్కటే: చేయి పట్టుకుని కొరకడం.
- ఎందుకంటే: సాయం అడగడం రాదు. టాబ్ తీసేస్తే కూడా.
- టాబ్ ఇచ్చేముందు: టైమర్ తిప్పి చూపించండి. మోగాక ఏం చేస్తాడో బోర్డు మీద పెట్టండి.
- కార్డు ఇస్తే: ఏ పనిలో ఉన్నా వెంటనే సాయం చేయండి, "సాయం!" అనండి.
- కొరికితే: చేయి మెల్లగా తీసుకోండి, అరవకండి, ముఖంలో ఏమీ చూపించకండి. కాస్త శాంతించాక కార్డు వైపు చేయి చూపించండి.
- కొరికినందుకు టాబ్ ఇవ్వొద్దు. టైమ్ కాకముందే లాక్కోవద్దు కూడా.
- రాత్రి: క్యాలెండర్‌లో అంకె.

అందరికీ చదివి వినిపించండి, ముఖ్యంగా అమ్మమ్మకి. ఆవిడకు "ఇవ్వొద్దు" అనే పని ఒక్కటే అప్పగిస్తే మనసొప్పదు. డబ్బా మూతలు బిగించి కార్డు అందుకునే పని ఆవిడకే ఇవ్వండి. మనవడు కొరకకుండా చేతిలో కార్డు పెట్టడం ఇంట్లో మొదట చూసేది ఆవిడే అవుతుంది.